పట్టికకు ఎక్కని మా నాన్న

జహీరాబాద్‌లో మా కాలేజీ తెరవగానే పిల్లలకు చదవాల్సినవాటి పట్టిక ఇస్తాను. ఇచ్చి ఊరుకుంటే, పత్రికలో వచ్చిన వ్యాసం పేరు చెప్పి ఆ పుస్తకం ఇమ్మని లైబ్రేరియన్ ప్రాణం తీస్తారు. అందుకే ముందు గుర్తుపట్టడం నేర్పుతాను. ప్రచురించినవాళ్ల పేరుంటే పుస్తకం. వ్యాసం పేరు తర్వాత ఇంకో పుస్తకం పేరు, సంపాదకులు, పేజీలు ఉంటే ఆ పుస్తకంలోని వ్యాసం. సంపుటి, సంచిక ఉంటే పత్రిక. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఈసారి కోహీర్ నుంచి వచ్చే అమ్మాయి లేచింది. "మేడం, మా అవ్వ నోటితోని చెప్పింది రాస్తే ఏ రకమైతది?"

"వ్యక్తిగత సంభాషణ. రాసిన చోటే బ్రాకెట్లో చెప్పాలి. చివరి పట్టికలో రాదు."

"ఎందుకు రాదు మేడం?"

బోర్డు తుడిచే వంకతో అటు తిరిగాను.

మా నాన్న పశువుల అంగడిలో దళారి. కర్ణాటక వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో కన్నడం, రైతులతో తెలుగు, వ్యాపారులతో ఉర్దూ. బేరానికి మాత్రం ఏ భాషా లేదు. తువ్వాల కింద చేతులు కలిపి వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవారు. చెయ్యంతా గట్టిగా నొక్కితే బేరం కుదిరినట్టు. నా పిహెచ్‌డీ దాని మీదే. వంటింటి గడప మీద కూర్చోబెట్టి, తువ్వాల కప్పి, నాన్నే నాకు నేర్పాడు.

దాని చివరి పట్టికలో అందరికంటే పైన నాన్న పేరు రాశాను. మా గైడు కొట్టేశారు. "చదివినవాళ్లు వెతికి చూసుకోగలగాలమ్మా. రికార్డు చేసి లైబ్రరీలో పెట్టు, అప్పుడు రాయొచ్చు." నాకు ఒళ్లు మండింది. అయినా ఫోను పట్టుకుని నాన్న ముందు కూర్చున్నాను.

"చేతితోని చెప్పేది ఫోన్ల ఎట్ల ఇనవడ్తది బిడ్డా?" అని నవ్వాడు.

"వీడియో తీస్త. తువ్వాల తీసెయ్ నాన్నా."

నవ్వు ఆగిపోయింది. "తువ్వాల తీస్తే అది బేరం గాదు. నలుగురికి చూపెట్టుడు నాతోని గాదు." ఎంత బతిమాలినా వినలేదు. నా ముఖం చూసి చివరికి కరిగాడు. "జర ఆగు. వచ్చే అంగడి అయినంక నోటితోని అంత చెప్త, ఫికర్ చెయ్యకు."

ఆ అంగడి రాకముందే పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది.

దవాఖానలో నేను దుప్పటి కింద చెయ్యి పెట్టి, ఆయన వేళ్లు పట్టుకుని అడిగాను, నాకు నేర్పినట్టే. ఇంటికి పోదామా నాన్నా అని. చాలాసేపు కదలలేదు. తర్వాత నా చెయ్యంతా గట్టిగా నొక్కాడు. కుదిరిందనుకుని సంతోషపడ్డాను. ఆ తెల్లవారే పోయాడు.

నా పిహెచ్‌డీ అచ్చయింది. పట్టిక నిండా పేర్లు. నాన్న ఒక పేజీలో, బ్రాకెట్లో ఉన్నాడు.

అమ్మాయి ఇంకా నిలబడే ఉంది.

"వెతుక్కుంటూ పోతే దొరకరమ్మా, అందుకు," అన్నాను. "మీ అవ్వ ఉన్నదా?"

"ఉన్నది మేడం."

"అయితే ఇంటికి పో. ఇయ్యాల నీకు క్లాసు లేదు."