ఎలీయాజరు మాస్టారి ఆదివారాలు

ఎలీయాజరు మాస్టారు ఏలూరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతారు. లెక్కలు బీరువాలో దాచుకుంటే అది సైన్సు కాదని, నలుగురి ముందూ పెట్టాలని మైకు దొరికిన ప్రతిచోటా చెప్పేవారు. చప్పట్లు బాగానే పడేవి. ఆయన లెక్కలు మాత్రం బీరువాలోనే ఉండేవి.

అవి ఆకివీడులో ఆయన ఇంటి వెనకున్న చేపల చెరువు లెక్కలు. రోజూ తెల్లవారుజామున అయిదింటికి మీటరు ముంచి, నీటిలో ఆక్సిజన్ ఎంతుందో నోటుబుక్కులో రాయడం ఆరేళ్ల అలవాటు. ఆక్సిజన్ పడిపోయి చేపలు చచ్చేది ఆ వేళకే.

కొల్లేటి చెరువుల మీద పరిశోధన చేస్తున్న పాత శిష్యురాలు తేజశ్రీ, ఆయన ఉపన్యాసాన్ని ఆయనకే అప్పజెప్పి ఆ లెక్కలు అడిగింది. ఇక తప్పక, ఎవరైనా చూసుకునేలా నెట్‌లో పెట్టారు.

నెల తిరక్కుండా ఫోను చేసింది, ఒకటే సంబరం. ఆరేళ్లుగా శనివారం ఎంతుందో ఆదివారమూ సరిగ్గా అంతే ఉందట. శనివారం సాయంత్రం మేత ఆపుతారు కాబోలు, అందుకే ఆక్సిజన్ తగ్గడం లేదని, దాని మీద ఒక అధ్యాయమే రాస్తున్నానంది.

మాస్టారు తేలుకుట్టిన దొంగలా ఉండిపోయారు. ఆదివారాలు ఆయన చెరువు మొహమే చూడలేదు. శనివారం అంకెనే దించేసేవారు. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల పరిశోధన మునుగుతుంది, అది నమ్మిన రైతు చేపలతో సహా.

రెండు రోజులు ఆ నోటుబుక్కులు తీస్తూ పెడుతూ గడిపారు. మూడోరోజు ఆదివారాలన్నీ కొట్టేసి, కింద ఒక ముక్క రాసి భార్య సువర్ణకు చూపించారు. చర్చిలో ఆరాధనకు వెళ్లడం వల్ల ఆదివారాలు కొలవలేదని, వేసిన అంకెలు అబద్ధమని అందులో ఉంది.

"ఆరాధన తొమ్మిదింటికి కదండీ," అంది సువర్ణ. "అయిదింటికి మీరు గురక పెడుతుంటారు."

తప్పు ఒప్పుకుంటూ కూడా దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నందుకు ఆయనకు నిజంగా సిగ్గేసింది. 'నిద్ర లేవలేదు' అని దిద్ది నెట్‌లో పెట్టి, తేజశ్రీకి ఫోనులో అంతా చెప్పారు.

"అధ్యాయం పోయిందండీ మాస్టారూ," అంది తేజశ్రీ. "మిగతా రోజులు మాత్రం ఇప్పుడు ధైర్యంగా వాడుకుంటానండి."

వారం తిరిగేసరికి, ఆ ముక్క చదివి, మండవల్లి చేపల రైతు వెంకట్రాజు తన నోటుబుక్కులు సంచిలో వేసుకుని వచ్చాడు. మాస్టారి సభలన్నిటికీ వచ్చి చప్పట్లు కొట్టినవాడే, ఏనాడూ ఒక్క కాగితం ఇచ్చినవాడు కాదు.

"నావీ పెట్టేయండి. వానల్లో సగం రోజులు నేనూ చెరువు గట్టు ఎక్కలేదండి. మీది రాసుకున్నట్టే నాదీ రాసేయండి," అన్నాడు.

ఇన్నేళ్ల ఉపన్యాసాలకు కదలనివాడు తన గురకకు కదిలాడే అని మాస్టారు కాస్త నొచ్చుకున్నారు. ఇప్పుడు ఆదివారం కూడా అయిదింటికి అలారం పెట్టుకుంటున్నారు. లేవలేకపోతే గడి ఖాళీగా వదిలేస్తున్నారు. మొన్నటి ఆదివారం గడి ఖాళీయే.