నేనే మోసుకెళ్లిన కవరు

ఎనభైల మొదట్లో, విశాఖలో డిగ్రీ పూర్తిచేసి, పాస్టరు కావాలన్న ఆశతో వేదాంత కళాశాలకు దరఖాస్తు పెట్టాను. దానికి మా సంఘ పాస్టరుగారి సిఫారసు ఉత్తరం తప్పనిసరి. ఆయన నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి మరీ, అంటించిన కవరు ఇచ్చారు. నలగకుండా బైబిల్లో పెట్టుకుని ఇంటర్వ్యూకి పట్టుకెళ్లాను.

ప్రిన్సిపాల్‌గారు కవరు చించి చూసి, "నువ్వే చదువుకో అమ్మా" అని ఉత్తరం నా చేతికిచ్చారు. "ఈ అమ్మాయికి దేవుని పిలుపేమీ లేదు. పెళ్లి కుదిరేదాకా కాలక్షేపానికి అడుగుతోంది. సీటు మగపిల్లలకివ్వండి" అని ఉంది. ఒళ్లు మండిపోయింది. ఉత్తరం తిరిగివ్వకుండా తెచ్చేసుకున్నాను.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. అప్పుడు దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. నేను లేచి ఆ ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా చదివాను.

"కూర్చో! ఇది సాక్ష్యమా?" అని పాస్టరుగారు అరిచారు.

ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే మా అమ్మ లేచింది. "మీరు రాసిందే కదేటి అయ్యగారూ సదువుతంది! రాసినప్పుడు నేని సిగ్గు ఇన్నప్పుడెందుకొచ్చింది?"

ఆయన గబగబా తర్వాతి పాట నంబరు చెప్పేశారు. సీటు మాత్రం నాకు రాలేదు.

ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు. ఎవరైనా నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తానంటే, ముందు రెండో చేతిలో ఏముందో చూస్తాను.