ఇప్పచెట్టు కింద చప్పట్లు

బిలాస్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో పక్కనున్న అమ్మాయి మాటిమాటికీ ఫోను చూసుకుంటోంది.

"ఏటమ్మా, అంత కంగారు?" అన్నాను.

ఈ జిల్లా అడవి పల్లెల్లో తల్లులు పిల్లలకు జంతువుల గురించి ఏం నేర్పుతారో యూనివర్సిటీ తరఫున పరిశోధిస్తోందట. ఇప్పపూలు ఏరబోయే పిల్లలు ముందు చప్పట్లు కొడతారు, ఎలుగుబంటి ఉంటే తప్పుకుంటుందని.

"జంతువుల్ని తీయడానికి చెట్ల దగ్గర కెమెరాలు పెట్టి, చప్పుడు చెయ్యొద్దని పిల్లలకు నేనే చెప్పాను తాతగారూ. పొద్దున్న పూలకెళ్ళిన పాప ఇంకా ఇంటికి రాలేదంట. ఇప్పుడు వాళ్ళింటి ఫోను కలవట్లేదు."

ఆ ఊరి వైపు బండి వచ్చింది. సంచి మరిచి పరుగెత్తబోతే అందించాను. తరువాతేమైందో నాకు తెలియదు.

ఇప్పుడు మా మనవరాలు పూలకోసం పెరట్లోకి వెళ్తుంటే చప్పట్లు కొడతాను.

"అరే తాతా, మన లాల్‌ఖదాన్ బస్తీలో ఎలుగులేటి?" అని నవ్వుతుంది.

ఆ నవ్వు ఆగితే లేచి చూస్తాను.