దేవుడి పేరు చెప్పి పస్తులు

మా ఇంటి పిల్ల చిక్కిపోతోందని నాకు మొదట చెప్పింది గాజులమ్ముకునే ఆమె. రోజూ కళ్ల ముందు తిరిగే పిల్లను మేమెవరం చూడలేదు. పండక్కోసారి బత్తలపల్లె నుంచి గంపెత్తుకుని వచ్చే ఆమె చూసింది. పిల్ల అంటే నా మరిది కూతురు. ఇంటర్ చదువుకని రోజూ ధర్మవరం బస్సెక్కేది. గాజులామె ఆ పిల్ల చేతిని నొక్కి పట్టి గాజు తొడిగి, తొడిగినంత సులువుగా మళ్లీ తీసేసింది.

"ఏమ్మే, పోయిన తూరి రెండున్నర సైజు తొడిగితే నొప్పి నొప్పి అని అరిస్తివి. ఈ పొద్దు రెండుంబావు కూడా జారిపోతాంది. కూడు తింటాండావా, గాలి తింటాండావా?"

"మా పిల్ల ఒక్కపొద్దులుంటాంది లేమ్మా" అంది మా తోడికోడలు గొప్పగా.

నిజమే, ఉంటోంది. మొదట శివుడికని సోమవారం పట్టింది. తర్వాత శనివారం, ఆ వెనక గురువారం. చివరికి ఏ వారం ఏ దేవుడిదో మాకే లెక్క తప్పింది. పూజయ్యాక తినే ఆ ఒక్క పూట కూడా పిట్ట తిన్నట్టు తినేది. ఊళ్లో ఆడవాళ్లు "ఈ కాలంలో ఇట్లాంటి పిల్ల యాడుండాది" అని మెచ్చుకున్నారు. ఇంత భక్తి గల బిడ్డనిచ్చావు స్వామీ అని నేనూ దీపం దగ్గర దండం పెట్టుకున్నాను.

గాజులామె వెళ్లాక పిల్లను పక్కకు పిలిచి అడిగాను. భయపడలేదు, దాచలేదు.

"పెద్దమ్మా, సన్నబడాలంటే ఇట్లే ఉండాలని పేపర్లో రాసినారు. ఊరికే మానేస్తే అమ్మ అరుస్తాది. దేవుని కోసమంటే ఎవరూ ఏమీ అనరు గదా."

కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆదివారం రంగుల పేజీ. నాకు చదువు మా నాయన ఇంట్లోనే పలక మీద నేర్పాడు. అచ్చు కాగితానికి కాలు తగిలితే కళ్లకద్దుకోమని కూడా ఆయనే నేర్పాడు. ఆ రోజు మాత్రం ఆ కాగితాన్ని నలిపి పొయ్యిలో వేయాలనిపించింది. రాత్రి అన్నం మానండి, ఒక ఆపిల్ తినండి అని రాశారు. మా ఊళ్లో ఆపిల్ అంటే ఆస్పత్రిలో పడుకున్నవాళ్లకు తీసుకుపోయే పండు. వేరుశనగ, అదే మా చెనిక్కాయ, అంతా కొవ్వు, ముట్టుకోవద్దన్నారు. చెనిక్కాయ పంట తప్ప మరో దిక్కులేని సీమ మాది. ఎవరు రాశారమ్మా ఇది? ఎవరి కడుపు చూసి రాశారు? అదే పేపర్ జిల్లా పేజీలో, కరువు పనిలో మట్టి తట్టలు మోస్తున్న ఆడవాళ్ల ఫొటో వేశారు. వాళ్ల మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చు. లోపలి పేజీలో ఏమో సన్నబడే చిట్కాలు! రెండూ ఒకే కట్టలో మడిచి మా ఇంటి ముందు పడేసి పోయారు.

ఆ రాత్రి తోడికోడలికి చెబితే ఆమె తల వంచుకుని, పిల్లకు కొన్ని నెలలుగా నెలసరి రావడం లేదని, బయట చేరడం లేదని గొణిగింది. ఆ మాట ఎట్లా పొక్కిందో, భక్తురాలని మెచ్చిన నోళ్లే మరునాడు పిల్లకు లేనిపోని మచ్చ అంటగట్టాయి. ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ చూసి, "ఒంట్లో రక్తం లేదు. కడుపూ లేదు, రోగమూ లేదు. తిండి పెట్టండి, చాలు" అంది. ఊరి నోళ్లు మూతపడ్డాయి గానీ పిల్ల నోరు తెరుచుకోలేదు. పళ్లెం ముందు కూర్చుని "లావైపోతా పెద్దమ్మా" అని ఏడ్చేది. వాళ్ల నాయన ఒకసారి చెయ్యెత్తాడు కూడా.

అప్పుడు మా అత్త, అంటే పిల్లకు అవ్వ, తన పళ్లెం జరుపుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ.

"ఏ దేవునికమ్మీ నీ ఒక్కపొద్దు?"

పిల్ల పళ్లెం పక్కకు నెట్టింది.

"కూడు లేనప్పుడు నేనూ ఉంటి. కూడు ముందర పెట్టుకుని ఉండమని ఏ దేవుడూ నాకు చెప్పలే. సరే, నీకు చెప్పినాడేమో. నీకు తోడు నేనూ ఉంటా. పుణ్యం చెరిసగం."

పిల్ల నవ్వింది, ముసలామె తమాషా చేస్తోందని. అత్త పళ్లెం తీసేసింది. మరునాడు పొద్దున కాఫీ కూడా తాగలేదు. మరిది వచ్చి బతిమాలాడు.

"ఈ వయసులో నీకేమమ్మా ఈ చాదస్తం?"

"ఏమప్పా, నీ కూతురు ఉంటే భక్తి, నేనుంటే చాదస్తమా? పోయి నీ పని చూసుకో."

సాయంత్రం బస్సు దిగి వచ్చిన పిల్లకు అవ్వ గడప దగ్గర గోడకు ఒరిగి కనిపించింది. లేవబోయి లేవలేకపోయింది. పిల్ల పుస్తకాలు అక్కడే వదిలేసి, సంగటి మజ్జిగలో కలుపుకొచ్చి ముద్ద అవ్వ నోటి దగ్గర పెట్టింది. అత్త పెదవులు బిగించింది.

"నీకొకటి, నాకొకటి. మొదలు నీకు."

పిల్ల తిట్టింది, ఏడ్చింది, తినింది. ఆ తర్వాతే అత్త నోరు తెరిచింది. ఆ పొద్దు నుంచి ఆమె ఏ పూటా పిల్ల కన్నా ముందు ముద్ద ఎత్తలేదు. పిల్ల చట్నీ పక్కకు నెడితే తనూ నెట్టేది. పిల్ల ఒక్క రోజులో మారలేదు. తినడం, మానడం, మళ్లీ తినడం... ఇంకో వానాకాలం గడిచాక గానీ ముఖంలో నెత్తురు కనబడలేదు. ఆ స్వామి చల్లగా చూశాడు. రోజూ చెప్పుకుంటాను ఆ మాట.

అయినా నా కోపం చల్లారలేదు. కొన్నేళ్లకు అదే పేపర్ రాగులూ కొర్రలూ చెనిక్కాయలూ ఫొటోలు వేసి, ఇంతకు మించిన ఆరోగ్యం లేదని రాసింది. మంచిదే, రాయండి. మరి ముందు రాసింది తప్పని ఒక్క ముక్క అయినా రాయాలి గదా! నేను చదవడం మానలేదు. తిండి గురించి ఏది కనబడ్డా చదువుతాను. కాకపోతే ఇప్పుడు, ఇది ఎవరి కడుపు కోసం రాశారు అని ముందు అడుగుతాను. తిని తిని ఒళ్లు బరువెక్కిన వాళ్ల కోసమైతే వాళ్లకే వదిలేస్తాను. మా పొయ్యి మీద ఏం ఉడకాలో మా చేలో ఏం పండిందో చూసుకుని ఎంచుకుంటాం. రాగులుంటే రాగులు, కొర్రలుంటే కొర్రలు. చెనిక్కాయలు అమ్మే ముందు ఇంటికని ఒక మూట పక్కన పెడతాం.

అత్త పోయి చాలా కాలమైంది. మీ ఇంట్లో ఆడపిల్ల దేవుడి పేరు చెప్పి పళ్లెం పక్కకు నెట్టిందనుకోండి, మెచ్చుకునే ముందు ఒక్కసారి మా అత్తను తలుచుకోండి. తలుచుకుని, ఆ పిల్ల పక్కన పోయి కూర్చోండి.