నా మెడలో జర్మనీ పతకం

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు టీవీలో ఏదో యుద్ధం సినిమా చూస్తుంటే, తెర మీదకి ఒక జర్మనీ ఆఫీసరు వచ్చాడు. కంఠం కింద శిలువలాంటి నల్లటి బిళ్ళ, దాని చుట్టూ వెండి అంచు. "అమ్మమ్మా, అది నైట్స్ క్రాస్. యుద్ధంలో మహా ధైర్యం చూపిస్తేగాని ఇచ్చేవాళ్ళు కాదట," అంది. "తెలుసులేవే. పదహారేళ్ళప్పుడు నేనూ వేసుకున్నాను," అన్నాను. పిల్ల టీవీ కట్టేసి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరమేమీ లేదు. జరిగిన సంగతే.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. మాది నకరికల్లు. నరసరావుపేటలో కిరాణా కొట్టున్నవాళ్ళ అబ్బాయితో నాకు సంబంధం కుదిరింది. తండ్రితో పోట్లాడి మిలిటరీలో చేరి, ఇటలీ దాకా వెళ్ళి, గాయపడినవాళ్ళను మోసే బండి నడిపి, ఏ దెబ్బా తగలకుండా తిరిగొచ్చినవాడు. పెళ్ళిచూపుల్లో నేను తలెత్తితే ఒట్టు. వాళ్ళు వెళ్ళేటప్పుడు మాత్రం కిటికీ చువ్వల్లోంచి తనివితీరా చూసుకున్నాను. నచ్చాడు. ఇంకెవరూ వద్దనిపించేంత నచ్చాడు. అప్పట్లో ఆ మాట పైకి అంటే వీపు చిట్లగొట్టేవాళ్ళు.

తాంబూలాల రోజున కాబోయే అత్తగారు చీర, పూలు, పసుపు కుంకుమలతో పాటు ఒక బిళ్ళ తెచ్చారు. కొడుకు ట్రంకుపెట్టె సర్దుతుంటే దొరికిందట. మధ్యలో స్వస్తిక్ గుర్తు. వాళ్ళింట్లో గుమ్మానికీ, త్రాసుకీ, గల్లాపెట్టెకీ ఆ గుర్తే కదా! ఆమె ముచ్చటపడి, దాని రంగుల పట్టీ తీసేసి, వెండి గొలుసుకు గుచ్చి, వారం రోజులు దేవుడి దగ్గర పెట్టి పూజ చేశారు. కొడుకును ఒక మాట అడగాలని తోచనే లేదు. "పరదేశంలోనూ మన దేవుడే ఉన్నాడమ్మా, చూడు," అంటూ నా మెడలో వేశారు. చల్లగా, బరువుగా తగిలింది. మా పిన్నులు వరసగా వచ్చి దాన్ని కళ్ళకద్దుకున్నారు.

అంతలో కాళ్ళు కడుక్కుని పెళ్ళికొడుకు లోపలికొచ్చాడు. నావైపు చూశాడు. మొహం పాలిపోయింది. నేను నచ్చలేదేమోనని నా ప్రాణం ఉసూరుమంది.

"అమ్మా, ఏందే ఆ పిల్ల మెళ్ళో? అది చచ్చిపోయినాయనది!" అన్నాడు.

తర్వాత నిలబడే అంతా చెప్పాడు. గాయపడి పట్టుబడిన జర్మనీ ఆఫీసరునొకణ్ణి బండిలో తీసుకెళ్తుంటే, దారిలో అతను ఆ బిళ్ళనూ, తల్లి అడ్రసు రాసిన కాగితాన్నీ ఇతని చేతిలో పెట్టాడట. భాష తెలియకపోయినా అడిగిందేమిటో తెలిసింది. పంపిస్తానని ఇతను తల ఊపాడు, తన సీసాలో నీళ్ళు తాగించాడు. ఆస్పత్రి చేరకముందే అతను పోయాడు. కొన్నాళ్ళు ఆ దేశానికి టపా లేదు. టపా మొదలయ్యాక, నీ కొడుకు పోయాడని ఒక తల్లికి ఎలా రాయాలో చేతగాక పెట్టెలోనే ఉంచేశాడు.

మా నాన్న లేచారు. "చచ్చినోడి సొమ్ము నా బిడ్డ మెళ్ళో ఏస్తారా? మాకీ సంబంధం వద్దు. తీసకపోండి మీ తాంబూలాలు."

అత్తగారు పళ్ళెంలోకి పూలు ఎత్తుకుంటున్నారు. నాకు ఎక్కడి తెగువ వచ్చిందో ఇప్పటికీ తెలియదు. గొలుసు నేనే తీసి, పెళ్ళికొడుకు చేతిలో పెట్టి, పదిమందిలో అతనితో మొదటి మాట మాట్లాడాను.

"నీళ్ళు తాగే పోయాడని రాయండి. ఏ తల్లైనా ముందు అదే అడుగుద్ది."

నాన్నవైపు తిరిగాను. "దారిలో పోయినోడికిచ్చిన మాటకే ఇంత అల్లాడేటాయన, నాకిచ్చిన మాట తప్పుతాడా నాన్నా? చేసుకుంటే ఈయన్నే చేసుకుంటా."

నాన్న కండువా దులిపి భుజాన వేసుకున్నారు. చివరికి, "ముందు దాన్ని టపాలో ఎయ్యనీ. లగ్గం సంగతి తర్వాత," అని పెరట్లోకి వెళ్ళిపోయారు. ఆయన ఒప్పుకోవడం ఎప్పుడూ అలాగే ఉండేది.

నీళ్ళు తాగే పోయాడనీ, అలా రాయమన్నది తను చేసుకోబోయే పిల్లేననీ ఆయన ఇంగ్లీషులో ఉత్తరం రాయించాక, బిళ్ళతో కలిపి నరసరావుపేట పోస్టాఫీసులో పార్సిలు కట్టించాం. మాఘంలో పెళ్ళయింది. ఆ గుర్తు కింద ఆ దేశంలో ఎన్ని ఘోరాలు జరిగాయో చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. తెలిశాక, దాన్ని మెడలో వేసుకున్నందుకు ఒళ్ళు జలదరించింది. అయినా ఆ తల్లికి కబురంపినందుకు మాత్రం ఏనాడూ విచారించలేదు.

ఎండాకాలంలో జవాబొచ్చింది. ఆ భాష తెలిసిన ఒక పాదిరీగారు చదివి, తెలుగులో రాసిచ్చారు. అందులో పతకం గురించి ఒక్క ముక్క లేదు. కొడుకు కనబడటం లేదని మాత్రమే ఇన్నాళ్ళూ మిలిటరీవాళ్ళు ఆమెకు చెప్పారట. రోజూ వీధి గుమ్మంలో నిలబడి చూస్తున్నాననీ, ఇక లోపలికి వెళ్ళి కూర్చుంటాననీ, మీరిద్దరూ చల్లగా ఉండాలనీ రాసింది. అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఆ ఉత్తరాన్ని మళ్ళీ చదివించుకున్నారు. మా ఆయన యుద్ధం నుంచి తిరిగొచ్చాక మొదటిసారి ఆ రోజు కడుపునిండా తిన్నారు. ఆ తర్వాత మేమిద్దరం యాభై ఏళ్ళకు పైగా కలిసి బతికాం గానీ, ఎవరైనా నా కాపురం ఎప్పుడు మొదలైందని అడిగితే నాకు గుర్తొచ్చేది మాఘమాసపు ముహూర్తం కాదు, పాదిరీగారి దగ్గర్నుంచి ఎండలో ఆ ఉత్తరం పట్టుకుని ఇద్దరం నడుచుకుంటూ ఇంటికొచ్చిన రోజు.