ఓడ వరస

ఆ రోజుల్లో మాకు చుట్టరికం రెండు దారుల్లో వచ్చేది. ఒకటి కడుపు, రెండోది ఓడ. కోరంగి రేవులో ఒకే ఓడ ఎక్కి చెరుకు తోటల పనికి ఈ దీవిలో దిగినవాళ్లు, ఏ ఊరివాళ్లయినా, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అయిపోయేవారు. వాళ్ల పిల్లలు అన్నదమ్ముల పిల్లలు. వాళ్ల మధ్య పెళ్లి మాట ఎత్తితే చెవులు మూసుకునేవారు. అయితే ఏ తాత కడుపు తాతో, ఏ తాత ఓడ తాతో మా తరానికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. అడగాలని మాకూ తోచలేదు. తాత అంటే తాత, అంతే.

నా చిక్కంతా అక్కడే మొదలైంది. మా ఊరు నువెల్ ఫ్రాన్స్‌లో మా ఇంటికి నాలుగు గడపల అవతల చినతాత ఉండేవాడు. చనిపోయిన మా తాతకు తమ్ముడు. పుట్టుకతోనే ఆయన నుదుటి మీద ఒక పాయ తెల్లజుట్టు. ఆయన కొడుక్కీ అదే చోట అదే పాయ, ఆ కొడుకు కూతురికీ అదే. ఆ పిల్లను తప్ప ఇంకెవరినీ చేసుకోకూడదని నేను ఇరవయ్యేళ్ల వయసులో తీర్మానించుకున్నాను. (ఆమెకూ నేనంటే ఇష్టమేనని నా నమ్మకం. దానికి ఆధారం, నన్ను చూసినప్పుడల్లా విసుక్కునేది.) కాని వరసకు చెల్లెలు. పైగా వకోవా ఊళ్లో ఒక బడిపంతులు సంబంధం వచ్చింది, పెద్దవాళ్లు ఇంచుమించు ఒప్పుకున్నారు. నేను అన్నం మానేసి చూశాను. పూటకు మించి సాగలేదు.

అప్పుడు నేను పాంప్లెమూస్‌లో ఒక ఇంగ్లీషు శాస్త్రవేత్త దగ్గర గుమాస్తాను. ఆయనను అందరూ చిక్కుడు దొర అనేవారు. మంచి చెరుకు రకాలు పుట్టించమని ప్రభుత్వం పంపితే, చెరుకు పూత పూసేదాకా ఊరుకోలేక చిక్కుడు పాదులు పెట్టుకున్నాడు. ఎర్ర పువ్వుకూ తెల్ల పువ్వుకూ సంకరం చేసి, పుట్టినవాటిలో ఏ పోలిక ఎటు పోయిందో చూసేవాడు. దీన్నే ఇప్పుడు జన్యుశాస్త్రం అంటున్నారు. అప్పట్లో మావాళ్లు దొరకు మతి చలించిందనేవారు. ఆయన పరిశోధనకున్న సాధనాలు నాలుగు చిక్కుడు మళ్లు, ఒక భూతద్దం, నెలల తరబడి ఆలస్యంగా ఓడలో వచ్చే పత్రికలు, నేను. జీవరాశులు తరతరానికీ ఎలా మారుతూ వస్తాయో చెప్పే ఒక మంచి వ్యాసం రాస్తే తన దేశంలో పాఠాలు చెప్పుకునే ఉద్యోగం దొరుకుతుందని ఆయన ఆశ. చిక్కుళ్ల మీద అప్పటికే అందరూ రాసేశారు.

ఒక రోజు మాటల్లో చినతాత జుట్టు సంగతి చెప్పాను. దొర కుర్చీలోంచి లేచిపోయాడు. ఆ ఇంటి వంశవృక్షం, చుట్టాలందరితో సహా, కావాలన్నాడు. నేను ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగి, శ్రద్ధగా గీతలు గీసి తెచ్చాను. దొర కొన్ని వారాలు దాని ముందు కూర్చుని చిక్కిపోయాడు. ఇంతమంది అన్నదమ్ముల్లో ఒక్కడికే తెల్లపాయ ఎలా వచ్చింది? ఇంతమంది పుట్టడానికి ఆ తల్లికి వయసెలా సరిపోయింది? శాస్త్రమైనా తప్పు అయ్యుండాలి, మా ఊరైనా తప్పు అయ్యుండాలి అన్నాడు. ఆయన మొగ్గు శాస్త్రం వైపే.

ఆ ఆదివారమే రైలెక్కి మా ఊరు వచ్చాడు. మా వసారాలో చాప మీద మోకాళ్లు ఎటు పెట్టాలో తెలియక అవస్థపడుతూ కూర్చున్నాడు. ఎదురుగా నాయనమ్మ, చినతాత, మా నాన్న, ఆ పిల్ల తండ్రి. ఆ పిల్ల ఉడికించిన కర్రపెండలం తెచ్చి దొర ముందు పెట్టి తలుపు వార నిలబడింది. ఈ అన్నదమ్ములందరి తల్లి ఎవరో అడగమన్నాడు దొర. అడిగాను.

"తల్లేటిరా? ఓడ," అంది నాయనమ్మ.

"ఓడ కాదు నాయనమ్మా, కన్నతల్లి."

"ఏ కన్నతల్లి ఎక్కడుందో ఎవులికి తెలుసు? మీ తాతది బొబ్బిలి పక్క. మీ చినతాతది తుని దిక్కు. ఓడలోనే కదరా అన్నదమ్ములయ్యారు!"

ఎలాగో దొరకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన పెన్సిలు తీసి నా గీతలు ఒక్కొక్కటే కొట్టేశాడు. చివరికి తాత, కొడుకు, మనవరాలు మిగిలారు. తెల్లపాయ తరం తప్పకుండా నిటారుగా దిగింది. దొర చాప మీద నుంచి లేచి చప్పట్లు కొట్టాడు.

"మిస్యే మలాదా?" అన్నాడు చినతాత, దొరకేమైనా జబ్బు చేసిందా అని.

దొర కూర్చుని, ఈ రెండు కుటుంబాలకూ రక్తసంబంధం లేదని వాళ్లకు చెప్పమన్నాడు. దుబాసీగా నా జీవితంలో అంత మంచి అవకాశం మళ్లీ రాలేదు.

"రక్తసంబంధం లేదట. కాబట్టి పిల్లనిచ్చి పుచ్చుకోవచ్చట," అన్నాను. (రెండో వాక్యం దొరది కాదు.)

"ఎవులికెవులు?" అంది నాయనమ్మ.

తలుపు వారనుంచి "అయో!" అని వినిపించింది, ఆ పిల్ల లోపలికి పరుగెత్తింది. ఇక ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"రత్తం దోమ కూడా తాగుద్దిరా," అంది నాయనమ్మ, నన్ను చూస్తూ. "ఓడ వరస అలాటిది కాదు. దొర గీత కొట్టేస్తే పోద్దేటి?"

నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు చినతాత గొంతు సవరించుకున్నాడు. మనవరాలు వెళ్లిన గుమ్మం వైపు చూస్తూ అన్నాడు.

"వదినా, నేను ఆ ఓడలో రాలేదు."

"ఏటి?"

"వెనకొచ్చిన ఓడలో వచ్చాను. దిగినవాళ్లను ఉంచే డిపోలో ఏ ఓడవాళ్లు ఆ ఓడవాళ్లు చేరి వండుకుంటున్నారు. మా ఓడలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. అన్న పిలిచి, నువ్వూ మా ఓడేనా అన్నాడు. అన్నం వాసనొస్తోంది. ఊఁ అన్నాను."

"ఇన్నేళ్లూ వదినా వదినా అంటా నా సేతి కూడు తిన్నావు కదరా!"

"నువ్వు బాగా వండకపోతే ఎప్పుడో చెప్పేద్దును."

నాన్న నవ్వబోయి ఆపుకున్నాడు. ఏ ఓడ అని అడిగితే చినతాత ఏదో పేరు చెప్పాడు. అలాంటి ఓడ పేరు అంతకుముందు గాని ఆ తర్వాత గాని నేను వినలేదు. ఆయన తలవంచుకుని, "అంటే ఇక నేను మీకేమీ కాను," అన్నాడు మెల్లగా. ఆ మాట అనేదాకా దాని బరువు ఆయనకే తెలిసినట్టు లేదు.

నాయనమ్మ కర్రపెండలం పళ్లెం చినతాత ముందుకు జరిపింది. తర్వాత అంది: "వదినా అనీకు ఇంక. అప్పా అను." (మావాళ్లు అక్కను అప్ప అంటారు.)

"అప్పా," అన్నాడు చినతాత.

ఆ ఒక్క మాటతో అంతా తిరగబడింది. నాయనమ్మకు తమ్ముడైతే ఆయన కొడుకు మా నాన్నకు బావ. బావ కూతురు నాకు మరదలు. వకోవా బడిపంతులుకు వద్దని కబురు వెళ్లింది. (ఆ సాయంత్రమే మా నాన్న కొత్త బావతో పేకాడి, బావ హోదాలో మొదటి తగువు పెట్టుకున్నాడు.) దొర నా మోచేయి పొడిచి ఏమైందని అడిగాడు.

"ఈయన ఆమెకు తమ్ముడయ్యాడు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

దొర పెన్సిలు పట్టుకుని, "గీత గీయాలా?" అన్నాడు పాపం. అక్కర్లేదన్నాను.

ఆయన వ్యాసం చిన్నదే అయినా అచ్చయింది. కోరుకున్న ఉద్యోగమూ దొరికింది. వెళ్లేటప్పుడు చెరుకు సంగతి ఏమిటని అడిగితే, అది దానంతటది పూస్తుంది, నువ్వు చూసుకో అన్నాడు. నిజంగానే పూసింది. ఆ విత్తనాల్లోంచి మొలిచిన గడ్డిపోచల్లాంటి మొక్కల్ని పెంచుతూనే నా ఉద్యోగమంతా గడిచింది.

పెళ్లి పీటల మీద ఆమె నాతో అన్న మొదటి మాట, "అన్నయ్యా, కొంచెం జరుగు." పురోహితులవారు మంత్రం ఆపేశారు. వెనకనుంచి నాయనమ్మ, "మరదలే బాబూ, నోటి అలవాటు. కానియ్యండి," అంది. ఆ అలవాటు పూర్తిగా ఎన్నడూ పోలేదు. తుఫానుకు కప్పు లేచిపోయిన రోజునా, పెద్దవాడు పుట్టిన రోజునా కంగారులో నన్ను అలాగే పిలిచింది.

పోయిన చలికాలంలో ఆమె వెళ్లిపోయింది. అంతకు కొంతకాలం ముందు, ఇన్నేళ్లూ అడగనిది అడిగాను. మీ తాత నిజంగా వేరే ఓడలో వచ్చాడా, మన కోసం అబద్ధమాడాడా అని.

"మో పా కొనే," అంది. నాకు తెలియదు అని. బియ్యంలో రాళ్లు ఏరుతూనే మళ్లీ అంది: "తెలిసినా చెప్పను. చెబితే ఈ వయసులో మళ్లీ నీకు చెల్లెల్ని కావాలి."

శాస్త్రం తన పెళ్లి చేసిపెడుతుందని నమ్మిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అయినా వాడి మీద నాకు కోపం లేదు. తప్పు దారిన పోయినా సరైన ఇంటికే చేరాడు.