చూపుడు వేలు హోంవర్క్

రెండో తరగతి పిల్లలకు హీ, షీ నేర్పి ఎవరైనా ఒక పెళ్ళి సంబంధం చెడగొట్టగలరా అని మీకు అనుమానం రావచ్చు. నేను చెడగొట్టాను. అదీ ఆదివారం నాడు, ఆ ఇంటి గడప కూడా తొక్కకుండా. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మీరు హాయిగా నవ్వుకోండి, నేను మాత్రం తల వంచుకునే చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఛత్రినాకలో ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరుగా చేరి మూడు వారాలైంది. నెల రోజులు చూసి, పని నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. దాంతో అందరిలా పాఠం చెప్పడం నాకు నామోషీ అయిపోయింది. బోర్డు మీద రాసి వల్లె వేయించడం పాతకాలపు పద్ధతి అని తీర్మానించి, సొంతంగా వేలి పద్ధతి కనిపెట్టాను. గుండె మీద వేలు పెట్టుకుంటే 'ఐ'. ఎదుటి మనిషికి చూపిస్తే 'యూ'. పక్కన మగవాళ్ళుంటే 'హీ', ఆడవాళ్ళుంటే 'షీ'. పిల్లలకు బోనాల జాతరలో బూర కొనిచ్చినంత సంబరం. నేను పాఠం మొదలుపెడితే ముప్పై వేళ్ళు ఒక్కసారిగా లేచేవి.

అంతటితో ఆగి ఉంటే మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. శనివారం హోంవర్క్ ఇచ్చాను.

"రేపు ఇంట్లో ఎవరినీ పేరు పెట్టి పిలవొద్దు, వరుస పెట్టి పిలవొద్దు. వేలు చూపించి పది వాక్యాలు చెప్పాలి. పోయిన వారం నేర్చుకున్న మాటలన్నీ అందులో రావాలి."

పోయిన వారం నేర్పిన మాటలు ఏమిటంటారా? టాల్, షార్ట్, ఫ్యాట్, థిన్, ఓల్డ్. మీకు అప్పుడే గుండె దడ మొదలై ఉంటుంది. నాకు కాలేదు. పెద్దవాళ్ళ మీదికి వేలెత్తితే వీపు విమానం మోత మోగే ఇంట్లోనే నేనూ పెరిగాను. చుట్టం వస్తే వరుస పెట్టి పలకరించకుండా మంచినీళ్ళు కూడా ఇవ్వనిచ్చేది కాదు మా అమ్మ. ఆ బుద్ధి అంతా నా కొత్త పద్ధతి ముందు ఎగిరిపోయింది.

సింధు అనే పిల్ల లేచి, "వేలు సూపెట్టకపోతే మార్కులు రావా టీచర్?" అని అడిగింది. క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల, ఒక్క మార్కు కూడా వదలదు.

"రావు" అన్నాను గట్టిగా.

సోమవారం పొద్దున్నే సింధు వాళ్ళ నాయనమ్మ యాదమ్మ, మనవరాలి రెక్క పట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వచ్చింది. నన్ను పిలిపించారు.

"ఏందమ్మా టీచరమ్మా, బడిల గిదేనా నేర్పేది?" అని మొదలుపెట్టింది యాదమ్మ. "నిన్న మా బిడ్డ సుజాతను చూసుకునేటందుకు బహదూర్‌పురా నుంచి వచ్చిండ్రు. పిలగాడు, వాళ్ళ అమ్మ, నాయిన. మస్తు మంచిగ మాట్లాడుకుంటున్నం. గింతల ఇది నడిమిట్ల నిలబడి, పిలగాని మొహం మీదికి వేలు పెట్టి హీ ఈజ్ షార్ట్ అన్నది!"

"అయ్యో" అన్నాను.

"వాళ్ళ నాయిన దిక్కు తిరిగి హీ ఈజ్ ఓల్డ్ అన్నది. వాళ్ళమ్మ దిక్కు తిరిగి షీ ఈజ్ ఫ్యాట్ అన్నది. నాకు ఇంగ్లీషు రాదు గని, ఆమె దవాఖానల నర్సు, ఆమెకొస్తది గద! బిస్కట్ ప్లేట్ల పెట్టి లేసింది. 'ఇంట్ల పెద్దోళ్ళు అనుకున్నదే పిల్ల నోట్లకెళ్ళి వచ్చింది, పోదాం పాండ్రి' అన్నది. నిన్నటి సంది నా బిడ్డ అన్నం ముట్టలే."

ప్రిన్సిపాల్ మేడమ్ నా వైపు తిరిగింది. "వేలు చూపించమని మీరే చెప్పారా టీచర్?"

నెల నిండటానికి ఇంకా ఆరు రోజులున్నాయి.

"లేదు మేడమ్. పుస్తకంలో ఉన్నదే చెప్పాను."

ఆ అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందంటే, నా నోరు నాదేనా అనిపించింది.

"ఇన్నవా? టీచర్ చెప్పలేదంట!" అంటూ యాదమ్మ సింధు చెంప మీద ఒక్కటిచ్చింది.

సింధు ఏడవలేదు. చెంప రుద్దుకుంటూ నా దగ్గరికి వచ్చి, మెల్లగా అడిగింది: "టీచర్, మూడే చెప్పిన. ఇంక ఏడు చెప్పనియ్యలే. నాకు మార్కులు ఏస్తరా?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. నేను తనను ముంచానని కూడా ఆ పిల్లకు తెలియలేదు. నా ఆరు రోజుల ఉద్యోగానికి ఏడేళ్ళ పిల్ల చెంపను అడ్డం పెట్టుకున్నాను.

"నేనే చెప్పిన అమ్మా" అన్నాను యాదమ్మతో. "పిల్లను ఏమనకు. అంతా నాదే తప్పు."

యాదమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "గట్లయితే నడువు. ఆ ముక్క వాళ్ళింటికొచ్చి చెప్పు."

"వెళ్ళండి" అంది ప్రిన్సిపాల్ మేడమ్. బహదూర్‌పురాకా, శాశ్వతంగా మా ఇంటికా అన్నది అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆటోలో వెళ్ళాం. పెళ్ళికొడుకు తల్లి కుర్చీలో కూర్చుని అంతా వింది.

"ఆ మాటలు నేర్పింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"వేలు సూపెట్టమన్నది?"

"అదీ నేనేనమ్మా. వాళ్ళింట్ల ఎవ్వరూ మిమ్మల్ని ఏమనలే."

ఆమె ముఖం కాస్త మెత్తబడింది. యాదమ్మ ఊపిరి పీల్చుకుంది. అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది.

"సరే గని, ఇంట్ల అంతమంది ఉండంగ ఫ్యాట్ అని నన్నే ఎందుకన్నది?" అని అడిగింది ఆమె.

పాపం ఆ పిల్ల మీద మళ్ళీ నింద పడనివ్వకూడదని నాకు ఒక్కసారిగా ఆవేశం వచ్చింది.

"సింధు క్లాసు ఫస్టు అమ్మా! ఒక్కటి గూడ తప్పు చెప్పదు!"

యాదమ్మ నెత్తి కొట్టుకుంది. నేను గోడలోకి దూరిపోవడానికి సందు వెతుక్కున్నాను. అంతలో గుమ్మంలో నిలబడిన పెళ్ళికొడుకు పగలబడి నవ్వాడు.

"అమ్మా, నన్ను షార్ట్ అన్నది గూడ కరెక్టే గద!"

ఆమె కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించింది. కానీ భుజాలు అదరడం మొదలయ్యాక ఆపుకోలేకపోయింది. కళ్ళు తుడుచుకుంటూ యాదమ్మ వైపు తిరిగింది.

"పిల్ల నయం. ఈ టీచరమ్మతోనే పరేషాన్. వదినా, పెండ్లికి ఈమెను పిలువు గని, నోరు తెరవనియ్యకు."

'వదినా' అన్న పిలుపు వినగానే యాదమ్మ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

ఆ పెళ్ళికి వెళ్ళాను. అక్షింతలు వేసి, అన్నం తినడానికి తప్ప నోరు తెరవకుండా తిరిగొచ్చాను. బడిలో నన్ను ఇంకో నెల 'చూద్దాం' అన్నారు. సింధుకు పదికి పది వేశాను. నాకు నేను ఎన్ని వేసుకున్నానో అడగకండి.

అప్పుడే మైసమ్మ తల్లి మీద ఒట్టేసుకున్నాను. ఇక మీదట సర్వనామాలు బొమ్మలు చూపించే నేర్పుతాను, ఆ బొమ్మల్లో లావుపాటి వాళ్ళు ఒక్కరు కూడా ఉండరు. ఆదివారాలు హోంవర్క్ ఇవ్వను. నేను చేసిన తప్పుకు ఇంకో పిల్ల చెంప రుద్దుకుంటూ నన్ను మార్కులు అడిగే రోజు మాత్రం ఈ జన్మలో రానివ్వను.